గట్టుకీ చక్రానికీ మధ్య జానెడు వదలండి

విజయనగరంలోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ అల్లాయ్ వీల్స్ బండ్లు నడుపుతున్న అన్నలకి, అక్కలకి, మాస్టార్లకి, కొత్తగా కారు కొనుక్కున్న తమ్ముళ్లకి,

నమస్కారమండి. నేను టైర్లు, వీల్ అలైన్‌మెంటు పని చేసుకునేవాడిని. ఈ పనిలోకొచ్చి ఇరవై ఏళ్లు దాటిపోయింది. మొదట్లో మా దగ్గరికొచ్చే కార్లకి దాదాపు అన్నిటికీ ఇనప డిస్కులే ఉండేవి, గట్టుకి తగిలి అంచు వంగితే నాలుగు సుత్తి దెబ్బలేసి సరిచేసి, పైన ప్లాస్టిక్ క్యాప్ బిగించి పంపించీసేవాళ్లం, ఎవరికీ పెద్ద బాధుండేది కాదు. ఇప్పుడలా లేదు. చిన్న కారైనా పై మోడల్ తీసుకుంటే అల్లాయ్‌లే వస్తన్నాయి, వాటిని చూసే ఆ మోడల్ తీసుకునేవాళ్లూ ఉన్నారు, అందులో తప్పేం లేదు, బండికి అందమే అది. కానీ అంత ఇష్టపడి కొన్న చక్రాన్ని రోజూ ఫుట్‌పాత్ గట్టుకీ, డ్రైనేజీ పలకకీ, షాపు ముందు ర్యాంపుకీ రాసీసి తెచ్చి నా ముందు పెడతంటే చూడలేక ఈ ఉత్తరం రాస్తన్నాను. కొంచెం పెద్దదే అవుతాది, ఓపిక చేసుకుని చదవండి, మీ ఇంట్లోవాళ్లు కూర్చునే బండి గురించే.

మొన్న దసరా వెళ్లాక సిరిమాను పండక్కి హైదరాబాద్ నుంచి అమ్మానాన్నల దగ్గరికి ఒక కుర్రాడొచ్చాడు. బండి కొని నెల కూడా కాలేదు, సీటు కవర్ల మీద ప్లాస్టిక్ కూడా తియ్యలేదు. పండగ రోజు కోట దగ్గరికి బండ్లు వెళ్లనివ్వరు కదా, ఎక్కడో సందులో గట్టు పక్కన ఇరికించి పెట్టి, పైడితల్లమ్మని చూసుకుని, సాయంత్రం జనంలో కంగారుగా తీశాడు. మర్నాడు పొద్దున్న నా దగ్గరికొచ్చాడు. ఎడమ పక్క ముందు చక్రం, వెనక చక్రం రెండూ పోయాయి. డైమండ్ కట్ రిమ్ములవి, అద్దంలా మెరవాల్సిన అంచు చుట్టూ జానెడున్నర పొడుగున రంపం పళ్లలా లేచిపోయుంది, వేలు పెట్టి రాస్తే చర్మం చీరుకుపోయింది నాకు, వేలికి బూడిద రంగు పొడి అంటుకుంది. ఆ అబ్బాయి ఏం మాట్లాడకుండా పక్కన కూర్చుని ఆ అంచునే చూస్తన్నాడు. వాళ్ల నాన్నగారు మాత్రం "గీతే కదా బాబూ, రంగెయ్యి" అన్నారు.

ఆ "గీతే కదా" అన్న మాట దగ్గరే నా గుండె ఆగుతాది. ఎందుకో చెప్తాను.

కొన్నేళ్ల కిందట ఒక మాస్టారు ఇలాంటి గీతతోనే వచ్చారు. ఫంక్షన్ హాలు గేటు దగ్గర గట్టు ఎక్కించీశారట. ముందు ఎడమ చక్రం అంచు చెక్కుకుపోయింది, చూడ్డానికి చిన్నదే. నేను ఎమరీ కాగితంతో రుద్ది, సిల్వర్ టచప్ వేసి, గాలి చూసి పంపించీశాను. చక్రం విప్పలేదు, లోపలి వైపు తిప్పి చూడలేదు. ఆ రోజు షాపు నిండా బండ్లు, నాకు తీరిక లేదు, అంతే కారణం. తర్వాత వారానికోసారి ఆయన గాలి పట్టించుకోడానికి వచ్చేవారు, వాల్వ్ దగ్గర లీకేమో అనుకుని వాల్వ్ మార్చాను. ఒక ఆదివారం అరసవల్లి వెళ్లి దర్శనం చేసుకుని భార్యా పిల్లల్తో తిరిగొస్తంటే హైవే మీద రణస్థలం దాటాక ఆ చక్రంలో గాలి ఒక్కసారిగా పోయింది. ఆయన నెమ్మదస్తుడు, డెబ్భై స్పీడు లోపే నడుపుతన్నారు, స్టీరింగ్ గట్టిగా పట్టుకుని ఎడమకి తీసి ఆపగలిగారు, వెనక లారీ లేదు. ఎవరికీ ఏం కాలేదు. చక్రం తెచ్చి టైరు ఊడదీసి చూస్తే రిమ్ము లోపలి గోడకి రెండంగుళాల పగులు, వెంట్రుకలా సన్నగా, ఒక చివర మాత్రం గోరు దూరేంత తెరుచుకుంది. ఆ గట్టు దెబ్బే అది. బయట నేను రంగేసిన చోటుకి సరిగ్గా వెనకాలే ఉంది.

ఆయన నన్నొక్క మాట అనలేదు. అనుంటే నాకు తేలికగా ఉండేది. అప్పటినుంచీ గట్టుకి తగిలిందని ఎవరొచ్చినా చక్రం విప్పకుండా పంపడం లేదు.

ఇనుముకీ అల్లాయ్‌కీ తేడా తెలిస్తే ఇది అర్థమవుతాది. మన కార్లకొచ్చే అల్లాయ్ అంటే ఎక్కువగా అల్యూమినియంలో 7 శాతం దాకా సిలికాన్, కాస్త మెగ్నీషియం కలిపి కరిగించి అచ్చులో పోసినదే. పోశాక దాన్ని 540 డిగ్రీల దాకా వేడి చేసి, నీళ్లలో ముంచి, మళ్లీ 150, 160 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచి గట్టిపరుస్తారు. దాని బలం అంతా ఆ వేడి లెక్కలోనే ఉంది. ఇనప డిస్కు దెబ్బ తింటే వంగి ఊరుకుంటాది, ఇది వంగగలిగినంత వంగి ఆపైన పగులుతాది. ఫ్యాక్టరీలో దీన్ని పరీక్ష చేసేటప్పుడు చక్రాన్ని 13 డిగ్రీల వాలులో కూర్చోబెట్టి అంచు మీద బరువు పడేస్తారు, అంటే గట్టు దెబ్బ లాంటి దెబ్బే. మంచి రిమ్ము దానికి తట్టుకుంటాది. ఒకసారి తట్టుకున్నది ప్రతి వారం తట్టుకోవాలని మనం కోరుకోకూడదు. నకిలీ రిమ్ముల సంగతి నేను వేరే చెప్పక్కర్లేదు, కొనేటప్పుడు ఐఎస్ఐ మార్కు చూసి కొనండి, సగం ధరకి వస్తంది కదా అని ఆశపడొద్దు.

ఇప్పుడు గట్టు ఎందుకు రిమ్ముకే తగులుతాదో చూద్దాం. మీ టైరు పక్కన 185/65 ఆర్15 అని రాసుంటాది, స్విఫ్ట్ లాంటి బండ్లకి ఉండే సైజు. 185 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 65 అంటే అందులో 65 శాతం టైరు గోడ ఎత్తు, అంటే 120 మిల్లీమీటర్లు, 15 అంటే రిమ్ము అంగుళాల్లో. ఆ 120లో రిమ్ము అంచు కొంత పైకి లేచుంటాది, బండి బరువుకి టైరు కింద కొంత నొక్కుకుంటాది, ఇవన్నీ పోగా రిమ్ము అంచు నేలకి మూడు, మూడున్నర అంగుళాల ఎత్తులో ఉంటాది, కావాలంటే టేపు పెట్టి కొలుచుకోండి. ఇక గట్టు సంగతి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్లు నడిచేవాళ్ల కోసం 2012లో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో ఫుట్‌పాత్ ఎత్తు 150 మిల్లీమీటర్లు మించకూడదని ఉంది. అంటే రూలు ప్రకారం కట్టినా ఆరంగుళాలు ఉండొచ్చు. మూడున్నర ఎక్కడ, ఆరు ఎక్కడ. గట్టుకి ఆనుకునేలా బండి పెట్టారంటే టైరు కాస్త ఉబ్బుగా ఉంటాది కాబట్టి ముందు అది తగులుతాది, ఇంకొక్క పిసరు నొక్కితే రిమ్ము అంచే. గట్టు పొట్టిగా ఉంటే టైరు మీదే పోతాదేమో గాని మన ఊళ్లో పొట్టి గట్టులు ఎక్కడున్నాయండి.

గట్టు తీసీమని నేను అనను, నడిచేవాళ్లకి అది కావాలి, ముసలమ్మలు, బడి పిల్లలు నడిచేది దాని మీదే. బండి వాడే దూరం జరగాలి.

అందుకే నేను అడిగేది ఒకటే, జానెడు. చెయ్యి చాచి బొటనవేలు నుంచి చిటికెన వేలు దాకా ఎంత ఉందో అంత, తొమ్మిదంగుళాలు. గట్టుకీ చక్రానికీ మధ్య అంత ఖాళీ ఉంచి పెట్టండి. ఈ మాట అనగానే చాలామంది "రోడ్డు ఇరుకు మాస్టారూ, జానెడు వదిల్తే ఆటో వాడు అద్దం పట్టుకుపోతాడు" అంటారు. నిజమే. గంటస్తంభం దగ్గర, మూడు లాంతర్ల దగ్గర సాయంత్రం పూట నిలబడితే నాకూ తెలుస్తాది. బస్సు వెనకాల హారన్ కొడతంటే, ముందు తోపుడు బండి, పక్కన బైకులు, ఆ కంగారులో ఎవరైనా ఎడమకి నొక్కీస్తారు. కానీ అద్దం మడతపెట్టుకోవచ్చు కదా, చాలా బండ్లకి బటన్ కూడా ఉంది. అద్దం మడిచి జానెడు వదలండి, అదీ కుదరకపోతే అక్కడ ఆపొద్దు, రెండొందల అడుగులు ముందుకెళ్లి ఖాళీ ఉన్న చోట పెట్టి నడిచి రండి. అమ్మకి నడవడం కష్టమైతే ముందు అమ్మని దింపి తర్వాత వెళ్లి పెట్టుకోండి. డైమండ్ కట్ రిమ్ము కొత్తది కొనాలంటే ఎంతవుతాదో ఒకసారి షోరూంలో అడిగి చూడండి, ఆ రెండొందల అడుగులు ఏం దూరం అనిపించవు.

నా దగ్గరికొచ్చే గీతలు ఎక్కువ ఎడమ పక్కవే. మనం కుడి పక్క కూర్చుంటాం, గట్టు ఎడమ పక్కుంటాది, అందుకని. దానిలోనూ వెనక చక్రం ఎక్కువ. దీనికి చాలామందికి కారణం తెలీదు, నడపడం వచ్చినోళ్లక్కూడా. మలుపు తిప్పేటప్పుడు వెనక చక్రం ముందు చక్రం నడిచిన దారిలో నడవదు, లోపలికి కోసుకుంటూ వస్తాది. స్టీరింగ్ ఫుల్‌గా తిప్పితే మామూలు కారుకి కూడా రెండు, మూడడుగుల దాకా లోపలికి జరుగుతాది. ముందు చక్రం గట్టు మూల దాటింది కదా అని తిప్పీస్తే వెనకది ఆ మూలకి వెళ్లి రాసుకుంటాది. సందులోకి ఎడమకి తిరిగేటప్పుడు ముందుకి కాస్త ఎక్కువ పోనిచ్చి, మీ భుజం ఆ మూలకి ఎదురుగా వచ్చాక తిప్పడం అలవాటు చేసుకోండి. పెట్రోల్ బంకు లోపల గాలి మిషన్ దగ్గర దిమ్మలుంటాయి చూడండి, అక్కడ, అపార్ట్‌మెంటు సెల్లార్ ర్యాంపు మలుపు దగ్గర, డ్రైవ్ త్రూ టిఫిన్ షాపుల్లో కూడా ఇదే కథ.

రెండు బండ్ల మధ్య గట్టు పక్కన పెట్టాలంటే ముందుకి దూర్చొద్దు, రివర్స్‌లో రండి. ముందుకి దూర్చితే ముందు చక్రం గట్టు మీదకెళ్తాది, వెనకది రోడ్డు మీదే ఉంటాది, ఇక మళ్లీ మళ్లీ తిప్పుకుంటూ రెండిట్నీ గీకుతారు. రివర్స్ వేసేటప్పుడు ఎడమ సైడ్ మిర్రర్‌ని కిందికి వంచి వెనక చక్రం, గట్టు రెండూ కనిపించేలా పెట్టుకోండి, చక్రం అద్దంలో కనిపిస్తన్నంతసేపు భయం లేదు. పక్కనోళ్లెవరైనా ఉంటే దిగి చూడమనండి, నామోషీ ఏం లేదు ఇందులో. కెమెరా ఉంది కదా అంటారు, వెనక కెమెరా మీకు వెనక గోడని చూపిస్తాది, పక్క గట్టుని చూపించదు. నిలబెట్టాక స్టీరింగ్ నేరుగా తిప్పి వదలండి, చక్రం వంకరగా గట్టుకి నొక్కిపెట్టి వెళ్లిపోతే తీసేటప్పుడు మొదటి కదలికలోనే అంచు నలుగుతాది.

ఇంకా పెద్ద తప్పు ఇంకోటుంది. రోడ్డు ఖాళీ చెయ్యాలని ఒక పక్క రెండు చక్రాలూ గట్టు మీదకి ఎక్కించీసి పెట్టడం. పెళ్లిళ్ల రోజుల్లో ఫంక్షన్ హాళ్ల ముందు అన్నీ ఇలాగే వంగి నిలబడుంటాయి. ఎక్కేటప్పుడు టైరు గోడ గట్టు మూలకీ రిమ్ము అంచుకీ మధ్య పడి నలిగిపోతాది, లోపల దారాలు తెగుతాయి, రెండు రోజులాగి పక్కన గుడ్డంత బుడ్డ వస్తాది. బుడ్డ వచ్చిన టైరుకి రిపేరు లేదండి, ఎవరు చేస్తామన్నా నమ్మొద్దు, మార్చాల్సిందే. తప్పనిసరిగా ర్యాంపు ఎక్కాల్సొస్తే ఏటవాలుగా కాకుండా నేరుగా, ఒకటో గేరులో, నడకంత స్పీడులో ఎక్కండి.

గాలి విషయం. దీని గురించి ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. డ్రైవరు డోరు తెరిస్తే ఆ స్తంభం మీద స్టిక్కరుంటాది, మీ బండికి ఎంత గాలి పెట్టాలో దాని మీదే ఉంది. 33 ఉండాల్సిన చోట 25 ఉంటే టైరు గోడ కుంగిపోతాది, రిమ్ము ఇంకా కిందికి దిగుతాది, గుంతలో పడ్డా గట్టుకి తగిలినా మధ్యలో మెత్తగా ఆపడానికి ఏం మిగలదు. పొద్దున్నే బండి చల్లగా ఉన్నప్పుడు చూపించుకోండి, నెల్లిమర్ల వెళ్లొచ్చి వేడిగా ఉన్న టైరులో చూస్తే లెక్క ఎక్కువ చూపిస్తాది. రెండు వారాలకోసారి చాలు.

కొత్తగా కొనుక్కున్న తమ్ముళ్లకి ప్రత్యేకంగా ఒక మాట. 15 అంగుళాల రిమ్ములు తీసీసి 17 వేయించుకుంటామని వస్తన్నారు. అప్పుడు టైరు 205/45 ఆర్17 వస్తాది, చక్రం మొత్తం ఎత్తు దాదాపు అంతే ఉంటాది, కానీ టైరు గోడ 120 నుంచి 92 మిల్లీమీటర్లకి పడిపోతాది. మీ రిమ్ముకీ నేలకీ మధ్య ఉన్న రబ్బరులో పావు వంతు వదులుకుంటన్నారన్నమాట. ఇంకొంతమంది వెడల్పు రిమ్ముకి పాత సన్న టైరే లాగి ఎక్కించమంటారు, అప్పుడు టైరు లోపలికి పోయి రిమ్ము పెదవి బయటికి పొడుచుకొస్తాది, గట్టుకి ముందు తగిలేది అదే. గజపతినగరం, బొబ్బిలి పక్క పల్లె రోడ్ల మీద రోజూ తిరిగేవాళ్లయితే కంపెనీ ఇచ్చిన సైజే ఉంచుకోండి, నన్నడిగితే ఇనప డిస్కుల మోడల్ తీసుకున్నా సిగ్గుపడాల్సిన పని లేదు. నాకు వ్యాపారం తగ్గుతాదని తెలిసే చెప్తన్నాను.

టైర్లు మార్చే టైమొస్తే రిమ్ము రక్షణ గట్టున్న టైరు అడగండి. టైరు గోడ మీద రిమ్ము పక్కనే ఒక లావు రబ్బరు పట్టీ బయటికి ఉబ్బుంటాది, కొన్ని కంపెనీలు దానికి ఎఫ్ఆర్ అనో ఎంఎఫ్ఎస్ అనో గుర్తు వేస్తాయి. గట్టుకి నెమ్మదిగా తగిలితే ముందు ఆ రబ్బరు అరుగుతాది. ఆన్‌లైన్‌లో అమ్మే రంగు రంగుల ప్లాస్టిక్ రింగుల గురించి రోజూ అడుగుతారు. రిమ్ము అంచుకి గమ్ముతో అంటించేవి చిన్న రాపిడికి పనికొస్తాయి, కాదనను, కానీ అంటించే ముందు అంచు శుభ్రంగా కడిగి స్పిరిట్‌తో తుడవకపోతే మన ఎండకి గమ్ము వదిలీసి ఒక రోజు రోడ్డు మీద ఊడి పడతాది, వాటి కింద మట్టి, నీరు చేరుతాయి, నెలకోసారి చూసుకోవాలి. గట్టి దెబ్బకి అవి ఏం చెయ్యలేవు. టైరుకీ రిమ్ముకీ మధ్యన దూర్చే రకం మాత్రం వెయ్యను, గాలి నిలబడే చోటది, అక్కడ ఇంకో వస్తువు ఉండకూడదు. సెరామిక్ కోటింగ్ మట్టి అంటకుండా చేస్తాది, గట్టుని ఆపదు.

సరే, తగిలీసింది అనుకోండి. ఎంత జాగ్రత్తున్నా ఒక రోజు తగుల్తాది. ఆ రోజు ఇంటికెళ్లి దాచకండి, ముఖ్యంగా నాన్న బండి తీసిన కుర్రాళ్లు. తిడతారని చెప్పకపోతే ఆ బండిలో నాన్నే హైవే ఎక్కుతారు. మర్నాడు పొద్దున్న నాలుగు టైర్లలో గాలి చూడండి, ఒకటి మిగతావాటికంటే తగ్గుంటే అనుమానించండి. అరవై, ఎనభై స్పీడులో స్టీరింగ్ వణుకుతోందా, నేరుగా వెళ్తన్నప్పుడు స్టీరింగ్ పక్కకి తిరిగుంటోందా, చెయ్యి వదిల్తే ఒక పక్కకి లాగుతోందా చూడండి. ఏదున్నా షాపుకి తీసుకెళ్లి చక్రం విప్పించండి. బ్యాలెన్సింగ్ మిషన్ మీద పెట్టి తిప్పుతంటే పక్కనే నిలబడి రిమ్ము అంచునే చూడండి, మంచి రిమ్ము తిరుగుతన్నట్టే కనపడదు, వంగినదైతే అంచు పైకీ కిందికీ అలలా ఆడుతాది, మీ కంటికే తెలిసిపోతాది. తర్వాత సబ్బు నీళ్లు. లోపలి వైపంతా బ్రష్షుతో సబ్బు నీళ్లు రాసి ఒక్క నిమిషం ఊరుకోండి. పగులుంటే అక్కడ ఆవగింజలంత బుడగలు ఒక గీతలా వరసకట్టి లేస్తాయి, పేలతాయి, మళ్లీ లేస్తాయి. ఆ మాస్టారి చక్రానికి ఈ పని చేసుంటే నాకు ఐదు నిమిషాలు పట్టేది.

పగులు కనిపిస్తే ఆ రిమ్ము పక్కన పెట్టీండి. వెల్డింగ్ చేసి ఇస్తామని చెప్పేవాళ్లున్నారు. నేను పైన చెప్పిన ఆ వేడి లెక్క గుర్తు తెచ్చుకోండి, వెల్డింగ్ మంట తగిలిన చోట చుట్టుపక్కల ఆ గట్టిదనం అంతా పోతాది, అతుకు బాగున్నా దాని పక్కన మెత్తబడి మళ్లీ అక్కడే విరుగుతాది. గ్యాస్ మంటతో కాల్చి సొట్ట తీయడం కూడా అంతే. మన ఊరి టైరు షాపుల అన్నదమ్ములకి కూడా చెప్తన్నాను, కస్టమర్‌కి డబ్బులు మిగిల్చామని మనం అనుకుంటాం, పగులు మీద పుట్టీ పెట్టి సిల్వర్ కొట్టి ఇవ్వకండి. నేను చూడకుండా పంపిన ఆ ఒక్క చక్రం ఇప్పటికీ షాపులో గోడకి వేలాడుతోంది, నేనే వేలాడదీశాను.

పగులు లేకుండా పైపైన గీతే అయితే భయం లేదు, కానీ అలా వదిలీకండి. డైమండ్ కట్ అంటే లేత్ మీద పైపొర చెక్కి మెరుపు తెచ్చి పైన పల్చగా క్లియర్ కోట్, అంటే రంగు లేని పూత, కొడతారు, గీత పడ్డ చోట ఆ పూత లేచిపోతాది, నీరు కిందికి దూరి తెల్లటి పురుగులు పాకినట్టు గీతలొస్తాయి. మనకి సముద్రం దగ్గర, చింతపల్లి బీచ్‌కి, భీమిలికి, కళింగపట్నానికి వెళ్లొస్తంటారు, ఆ ఉప్పు తగిలితే ఇంకా తొందరగా పాకుతాది. వెళ్లొచ్చిన రోజే మంచి నీళ్లతో చక్రాలు కడిగీండి. యాసిడ్ కలిసిన క్లీనర్లు వాడొద్దు. మళ్లీ డైమండ్ కట్ చేయించాలంటే ప్రతిసారీ కొంత లోహం చెక్కాలి, ఎన్నిసార్లంటే అన్నిసార్లు కుదరదు, అందుకని చిన్న గీత అయితే రుద్ది క్లియర్ కోట్ వేసి మూసీడం మేలు.

ఇన్సూరెన్సు మాట కూడా అనుకుందాం. ఒక రిమ్ము గీతకి క్లెయిమ్ పెట్టే ముందు లెక్క వేసుకోండి. క్లెయిమ్ లేకుండా మొదటి ఏడాది గడిస్తే 20 శాతం, అలా ఐదేళ్లు గడిస్తే 50 శాతం దాకా నో క్లెయిమ్ బోనస్, అంటే ప్రీమియంలో తగ్గింపు, వస్తాది, ఒక్క క్లెయిమ్‌తో అది పోతాది, పైగా 1500 సీసీ లోపు బండికి మొదటి వెయ్యి రూపాయలు మీరే పెట్టుకోవాలి. చిన్న పనైతే చేతి డబ్బులతో చేయించుకోవడమే లాభం. రిమ్ము మార్చాల్సొస్తే అప్పుడు వేరే సంగతి.

చివరగా షాపుల ముందు, ఫంక్షన్ హాళ్ల ముందు, ఇళ్ల ముందు ర్యాంపులూ గట్లూ కట్టించుకునేవాళ్లకి చేతులు జోడించి అడుగుతన్నాను. కాంక్రీటు మూల విరగకుండా అని ఇనప యాంగిల్ పట్టీ పెట్టి పోయిస్తన్నారు, కొన్నేళ్లకి సిమెంటు రాలిపోయి ఆ ఇనుము కత్తిలా బయటికొస్తాది. అల్లాయ్‌ని కోసేది అదే, టైరునీ అదే కోస్తాది, అటుగా నడిచే పిల్లల కాళ్లనీ కోస్తాది. మేస్త్రీకి చెప్పి ఆ మూల గుండ్రంగా తాపీతో లాగించండి, అరగంట పని. రాత్రి కనిపించేలా పసుపు, నలుపు పట్టీలు వేయించండి. డ్రైనేజీ మీద పలక ఎత్తు లేచిపోయుంటే కింద ఇసుక సర్ది దించండి. మీ షాపుకొచ్చే కస్టమర్ల బండ్లే అవి, మీ పెళ్లికొచ్చే చుట్టాల బండ్లే.

ఆ హైదరాబాద్ కుర్రాడి చక్రాలు రెండూ విప్పి చూశాను. ముందుది పైపైనే, రుద్ది క్లియర్ కోట్ వేసిచ్చాను. వెనకదాని లోపలి అంచు వంగింది, పగులు లేదు, అయినా హైదరాబాద్ దాకా వెళ్లాలి కదా అని స్పేర్‌తో మార్చి, ఆ స్పేర్ సన్నది కాబట్టి 80 దాటొద్దని స్టిక్కరు మీద వేలు పెట్టి చూపించి, అక్కడికెళ్లాక కొత్త రిమ్ము వేయించుకునేదాకా అలాగే నడపమన్నాను. చేరాక ఫోన్ చేశాడు, వాళ్ల నాన్నగారు కూడా మాట్లాడారు.

గట్టుకి తగిలింది, భయంగా ఉందని ఎవరొచ్చినా చక్రం విప్పి లోపలి వైపు చూడ్డానికి, సబ్బు నీళ్లు రాయడానికి నేను డబ్బులు తీసుకోను. పొద్దున్న తొమ్మిది లోపు వస్తే రద్దీ ఉండదు.

ఇట్లు,
మీ టైరు షాపు తమ్ముడు,
విజయనగరం